కోసేసిన డయోడ్లు

ఆ ఎండాకాలం నేను మాట్లాడిన మాటల్లో సగం మా మావయ్య గురించి. ఆయనతో మాత్రం ఒక్కటీ కాదు.

ఇంట్లో మాటలు లేవని కాదు. "భోజనానికి రండి మావయ్యా" అనేదాన్ని, "వస్తున్నానమ్మా" అనేవారు. మాటలు లేనిది పని దగ్గరే. ఇంటి ముందున్న రేకుల షెడ్డులో ఆయన ముప్పై ఏళ్ళుగా కాలిపోయిన మోటార్లకి తీగ చుడతారు. ఇంటి వెనకగదిలో నేను ఆ మోటార్లని నడిపే బోర్డులు చేస్తాను. రెండేళ్ళ కిందట మొదటి బోర్డు చేసి ఆయన చేతికిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "మోటారుకి స్విచ్చు చాలమ్మా, మెదడెందుకు?" అన్నారు. షెడ్డులో ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ ఊరుకునే రకం కాదు. "స్విచ్చు ఎప్పుడు వెయ్యాలో తెలియడానికైనా మెదడుండాలి కదా మావయ్యా, అది మనకెక్కడిది?" అన్నాను. ఆ నలుగురూ మళ్ళీ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆ రోజునుంచి షెడ్డు గుమ్మం నేను తొక్కలేదు, వెనకగది గుమ్మం ఆయన తొక్కలేదు. మధ్యలో మా ఆయన. అక్కడి సంగతి ఇక్కడికి, ఇక్కడి సంగతి అక్కడికి మోసేవాడు. మోటారుకి బోర్డు బిగించడం, తీసుకెళ్ళి అమర్చి రావడం కూడా ఆయన పనే. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడతాడని అందరూ మెచ్చుకునేవాళ్ళు. అది చూసే నేనూ పెళ్ళికి ఒప్పుకున్నాను.

ఎండలు మొదలవుతుండగా కోళ్ళ షెడ్ల ఆవిడ వచ్చింది. మూడు షెడ్ల నిండా కోడిపిల్లల్ని పెంచుతుంది. మధ్యాహ్నం రెండు గంటలు గాలి ఆడకపోతే పిల్లలు నోళ్ళు తెరుచుకుని పడిపోతాయట. షెడ్డుకి నాలుగు ఫ్యాన్లు, వేడి పెరిగితే వాటంతటవే తిరగాలి, తగ్గితే ఆగాలి, మళ్ళీ పెరిగితే తిరగాలి. మోటార్లు మావయ్య బాగుచేస్తారు, బోర్డులు నేను చేస్తాను. మూడు షెడ్లు, మూడు బోర్డులు.

"అమ్మాయ్, ఇది నాకు జరగాలి" అంది ఆవిడ నా చెయ్యి పట్టుకుని. "నేనొక్కదాన్నే చూసుకోవాలి. దాణా కోసం వెళ్తే ఇంటికొచ్చేదాకా ప్రాణం షెడ్డులోనే ఉంటుంది."

ఆ వారమే భోజనాల దగ్గర అత్తయ్య తేల్చేసింది. "చూడమ్మా, ఈ వేసవితో తేలిపోవాలి. నీ బోర్డులు నిలబడ్డాయా, వెనకగది నీదే, ఎవరూ అడగరు. లేదా, ఖాళీ చెయ్యి. వార్నిష్ డబ్బాలకి, తీగ చుట్టలకి చోటు లేక వసారాలో నడవలేకపోతున్నాం."

నేను మావయ్య వంక చూశాను. ఆయన కంచంలోకి చూస్తూ తింటున్నారు. మా ఆయన మంచినీళ్ళ చెంబు అందుకుని అందరి గ్లాసులూ నింపాడు.

వెనకగది అంటే నాకు ఉత్త గది కాదు. ఆ ఇంట్లో ఎవరో పిలిస్తే పలకడానికి కాక, నా అంతట నేను కూర్చునే చోటు అదొక్కటే. దాన్ని వార్నిష్ డబ్బాలకిచ్చే ఉద్దేశం నాకు లేదు.

మొదటి షెడ్డు బోర్డు ఎనిమిదో రోజున పోయింది. రెండో షెడ్డుది పదమూడో రోజున. మా ఆయన వాటిని సంచీలో వేసి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. ఫ్యాన్లు ఎప్పుడు తిరగాలో తేల్చే చిప్పు చచ్చిపోయింది. చిప్పు మాట విని మోటారుకి కరెంటు ఇచ్చే ట్రాన్సిస్టర్లలో ఒకటి మాడి అతుక్కుపోయింది. అలా అతుక్కుపోతే దాని ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, చిప్పు పోయింది కాబట్టి మిగతా మూడూ కదలవు.

ఇలాంటి చావు ఎలా వస్తుందో నాకు తెలుసు. మోటారు లోపలున్నది తీగచుట్ట. పరిగెడుతున్న బండిని ఠక్కున ఆపితే లోపలివాళ్ళు ముందుకి తూలతారు చూడండి, అలా కరెంటుని ఠక్కున ఆపితే ఆ చుట్ట వెనక్కి తంతుంది. ఇరవై నాలుగు వోల్టుల మోటారు ఆ ఒక్క క్షణం వందల వోల్టులతో తంతుంది. ఆ తన్ను బోర్డుకి తగలకుండా మోటారు రెండు కొసల మధ్య ఒక డయోడ్ పెడతారు. బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దది, నల్లటిది, ఒక చివర తెల్లగీత. తన్ను దానిగుండా మోటారులోకే తిరిగి వెళ్ళి చల్లారిపోతుంది. ఈ పన్నెండు మోటార్లకీ పన్నెండు డయోడ్లు చీటీ రాసి మరీ ఇచ్చాను, గీత ఎటు ఉండాలో బొమ్మ వేసి.

"డయోడ్లు పెట్టారా?" అని అడిగాను మా ఆయన్ని.

"పెట్టాను."

"అన్నిటికీ?"

"నువ్విచ్చినవన్నీ పెట్టాను. గీత నువ్వు చెప్పినవైపే పెట్టాను."

ఆ మాటమీద నమ్మకంతో నేను మిగతావన్నీ అనుమానించాను. కరెంటు సరఫరా మార్చాను. చిప్పుకి, మోటారుకి వేరువేరు సరఫరా ఇచ్చాను. ట్రాన్సిస్టర్ పెద్దది వేశాను. ఇంటి దగ్గరున్న మోటారుకి బోర్డు కట్టి రోజంతా ఆన్ చేసి ఆఫ్ చేసి చూశాను, వేల సార్లు. చెక్కుచెదరలేదు. కోళ్ళ షెడ్డుకి వెళ్తే చస్తోంది. మూడో షెడ్డు బోర్డు మాత్రం మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"మూడోదానికి పెట్టిన బుర్ర ఈ రెంటికీ పెట్టలేకపోయావా అమ్మాయ్?" అంది షెడ్ల ఆవిడ ఫోనులో. అప్పటికింకా నవ్వుతూనే అంటోంది.

నేనే వెళ్ళి చూస్తానంటే కుదరలేదు. పసిపిల్లలున్న షెడ్డులోకి ఆవిడ కొత్తవాళ్ళని రానివ్వదు, రోగాలు మోసుకొస్తారని. బిగించేవాడొక్కడికే అనుమతి. చెప్పులు విప్పించి, కాళ్ళమీద మందునీళ్ళు పోసి లోపలికి పంపేది. "నేను చూస్తున్నాగా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి" అనేవాడు మా ఆయన. కొత్త బోర్డు చేసి ఇచ్చేదాన్ని. అది ఇంకో వారం బతికేది.

ఆ నెలంతా నా కోపం మావయ్య మీదే. ఆయన చుట్టిన తీగలోనే ఏదో లోపం ఉందనిపించేది, చెప్పడానికి రుజువు లేదు. మోటార్లు మరీ ఎక్కువ కరెంటు లాగుతున్నాయేమో కనుక్కోమంటే, "నాన్న మోటార్లు ముప్పై ఏళ్ళుగా తిరుగుతున్నాయి, ఆ మాట ఎలా అడగను?" అనేవాడు మా ఆయన. అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. నేనైనా పది అడుగులు వేసి షెడ్డులోకి వెళ్ళి ఉండొచ్చు. వెళ్ళలేదు. నా మొండితనం నాకుంది, దాచుకోను.

ఎండ పూర్తిగా ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం షెడ్ల ఆవిడ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ బుట్ట. గుమ్మంలో దించి పైనున్న గోనెపట్టా తీసింది. బుట్ట నిండా కోడిపిల్లలు. పసుప్పచ్చని నూగు ఇంకా పోని పిల్లలు, మెడలు వాల్చేసి ఒకదానిమీద ఒకటి.

"ఇవి పైపైన ఏరినవి" అంది. "మొదటి షెడ్డు మొత్తం పోయింది. దాణాకని వెళ్ళి వచ్చేసరికి ఒక్క ఫ్యాను తిరుగుతోంది. మిగతా మూడూ దిష్టిబొమ్మల్లా నిలబడి ఉన్నాయి."

నేను వంగి ఒక పిల్లని చేతిలోకి తీసుకున్నాను.

"నీకిదంతా ఆటగా ఉందా? బొమ్మలు చేసుకోవాలనుంటే ఇంట్లో చేసుకో, నా పిల్లల మీద కాదు. చదువుకుంది కదా, ఆడపిల్ల కదా, నిలబడనిద్దాం అనుకున్నాను చూడు, నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి. చేతకాకపోతే చేతకాదని చెప్పడానికి ఏం సిగ్గు నీకు?"

వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. మావయ్య షెడ్డులోంచి లేచి వచ్చి, చేతిలో రాగితీగ అలాగే పట్టుకుని నిలబడ్డారు. అత్తయ్య తలుపు వెనక ఉంది. మా ఆయన నా పక్కనే, నా భుజానికి ఆయన భుజం తగిలేంత దగ్గరగా నిలబడి, "లోపలికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఏం మాట్లాడతావు నాయనా? నీదేం తప్పు? పోసిన చోటల్లా నీళ్ళలా ఒదిగేవాడివి" అని ఆవిడ బుట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

పెరట్లో గొయ్యి తీసి వాటిని పాతిపెట్టింది నేనే. మా ఆయన పార అందుకోబోతే ఇవ్వలేదు. అత్తయ్య వచ్చి కాసేపు నిలబడి, "గది సంగతి మెల్లిగా చూద్దాంలే, ఇవాళే ఏం వద్దు" అంది. జాలిపడి అంది. ఆ జాలికి నాకు ఇంకా ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకున్నాను. "నేను చూసొస్తాలే, ఎండలో నువ్వెందుకు?" అన్నాడు మా ఆయన. ఆ గొంతులో ఏదో తేడా ఉంది. అప్పుడు పట్టించుకోలేదు.

షెడ్ల ఆవిడ నన్ను చూసి తలుపు తీసి పక్కకి తప్పుకుంది. "వెళ్ళు. రోగం అంటడానికి ఇంక లోపల ఏముంది?" అంది.

ఖాళీ షెడ్డు. నేలంతా పొట్టు. నిచ్చెన వేసుకుని మొదటి ఫ్యాను మోటారు వెనక మూత విప్పాను. రెండు వైర్లు ఉన్నాయి. వాటి మొదట్లో, సోల్డర్ చేసిన టంకం బొట్టులోంచి పైకి లేచి, గోరంత పొడవున రెండు తీగముక్కలు. కట్టరుతో నున్నగా కోసినవి. వాటి మధ్య ఉండాల్సిన డయోడ్ లేదు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోదానికి డయోడ్ నిక్షేపంగా ఉంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కట్టరుతో అంత నున్నగా కోసే చెయ్యి మా ఇంట్లో ఒక్కటే. ఒక మోటారు ఊడదీసుకుని, ఎండలో మోసుకుంటూ ఇంటికొచ్చి, రెండేళ్ళ తర్వాత మావయ్య షెడ్డు గుమ్మం తొక్కాను. మోటారుని మావయ్య బల్లమీద దబ్బున పెట్టాను.

"ఇక్కడ డయోడ్ ఉండాలి. ఎవరు కోశారు మావయ్యా?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. "నేనే కోశాను" అన్నారు. పొద్దున్నే టీ తాగాను అన్నంత మామూలుగా అన్నారు.

నేను దారిపొడుగునా సిద్ధం చేసుకున్న మాటలు సగం ఆయన ఒప్పుకోకపోతే అనాల్సినవి. అవి పనికిరాకుండా పోయాయి.

"ఎందుకు?" అన్నాను.

"తీగ చుట్టాక కొన్ని మోటార్లు ఎదురు తిరుగుతాయమ్మా. ఫ్యాను ఎదురు తిరిగితే గాలి బయటికి కాదు, లోపలికి కొడుతుంది. మోటారు ఎదురు తిరిగితే ఏం చేస్తాం, రెండు వైర్లు అటుది ఇటు మారుస్తాం. నా జన్మంతా చేసింది అదే. వీటికి మార్చగానే ఫ్యూజు ఎగిరిపోయింది. మళ్ళీ వేశాను, మళ్ళీ పోయింది. మూడోసారీ పోయేసరికి ఆ నల్లగింజని కోసి చూశాను. హాయిగా తిరిగింది. గింజ చెడ్డదనుకున్నాను. అలా నాలుగింటికి తీసేశాను."

మొదటి షెడ్డులో నేను చూసినవి మూడు, నాలుగోది రెండో షెడ్డుకి వెళ్ళి ఉంటుంది. వైర్లు మారిస్తే డయోడ్ తలకిందులవుతుంది. అప్పుడది అడ్డుపడాల్సిన చోట దారి వదిలేస్తుంది, మొత్తం కరెంటు దానిగుండానే పోతుంది. ఫ్యూజు పోవడంలో వింతేమీ లేదు. ఆయన స్థానంలో ఆయన అనుభవంతో ఎవరున్నా అదే చేస్తారు.

"నాకు చెప్పాలి కదా మావయ్యా?"

"చెప్పమన్నాను కదా వాడితో. కోసిన రోజే చెప్పమన్నాను. రెండ్రోజులు పోయాక మళ్ళీ అడిగాను, అమ్మాయి ఏమందిరా అని. ఏమీ అనలేదు నాన్నా అన్నాడు. నువ్వు ఏమీ అనలేదంటే ఫరవాలేదనుకున్నాను."

నేను ఏమీ అనలేదు, నిజమే. చెబితే కదా అనడానికి.

మావయ్య ఇంకా ఆ తీగముక్కల వంకే చూస్తున్నారు. "ఇంతకీ ఆ గింజ ఏం చేస్తుంది?" అన్నారు. చెప్పాను. బోర్డుల గురించి ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న అది. సగంలోనే చెయ్యెత్తి ఆపారు. "ఆ తన్ను సంగతి నాకు తెలుసమ్మా. కరెంటు తీసేటప్పుడు చటుక్కున రవ్వ లేస్తుంది చూడు, అదేగా? నా వేళ్ళకి ఎన్నిసార్లు తగిలిందో. అది నీ బోర్డుకి తగులుతోందన్నమాట." మోటారుని తన వైపు తిప్పుకుని, "మరి ఆ గింజని బోర్డు మీదే పెట్టకపోయావా? అక్కడుంటే నేను మోటారు దగ్గర వైర్లు ఎటు మార్చినా దానికి పట్టదు కదా" అన్నారు.

నాకు తలకొట్టేసినట్టయింది. మోటారుకి దగ్గరగా ఉంటే ఆ తన్ను వైర్ల వెంట పాకదని అక్కడ పెట్టాను. అక్కడొకటి ఉన్నా, బోర్డు మీద ఇంకొకటి పెట్టి ఉండాల్సింది. బోర్డు తనని తాను కాపాడుకోవాలి కానీ ఎవరో దూరాన కాపాడతారని కూర్చోకూడదు. ముప్పై ఏళ్ళు తీగ చుట్టిన మనిషికి ఒక నిమిషంలో తట్టింది నాకు తట్టలేదు. ఆ కోపం నామీద నాకే వచ్చింది, ఇంకా ఉంది.

మా ఆయన మేము మాట్లాడుతుండగానే వచ్చి షెడ్డు స్తంభం దగ్గర నిలబడ్డాడు. మోటారు చూశాడు, నన్ను చూశాడు.

"మావయ్య కోస్తుంటే మీరు చూశారా?" అని అడిగాను.

"చూశాను."

"డయోడ్లు పెట్టారా అని నేనడిగితే?"

"పెట్టారా అని అడిగావు. పెట్టాను కదా. అందులో అబద్ధం లేదు."

మావయ్య చేతిలోని కట్టరు బల్లమీద పెట్టేశారు.

"మొదటిరోజే చెబుదామనుకున్నాను" అన్నాడు మా ఆయన, నేలమీద పడున్న తీగముక్కల్ని కాలితో ఒకచోటికి నెడుతూ. "నీతో అంటే నువ్వు నాన్న మీదికి లేస్తావు. నాన్నకి చెబితే మళ్ళీ చెయ్యనని అలిగి కూర్చుంటారు. చిన్న ముక్కే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. బోర్డు పోయాక దానివల్లే అని అర్థమైంది. కానీ అప్పుడు చెబితే, అన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు. రోజు గడిచేకొద్దీ ఇంకా చెప్పలేకపోయాను. ఇంట్లో గొడవ వద్దని..."

"పిల్లలు చచ్చిపోయాక కూడానా?"

ఆయన కాలు తీగముక్కల మీదే ఆగిపోయింది.

నేను అరుస్తానని అందరూ ఎదురుచూశారు. అరవలేదు. అరిచే కోపం నాకు చాలా తెలుసు, పొద్దున వచ్చి మధ్యాహ్నానికి పోతుంది. ఇది అది కాదు. "షెడ్ల ఆవిడకి మీరే చెప్పాలి" అన్నాను. "ఇప్పుడే."

ముగ్గురం వెళ్ళాం. మావయ్యని ఎవరూ రమ్మనలేదు, చొక్కా వేసుకుని ఆయనే బయల్దేరారు. షెడ్ల ఆవిడ మొదటి షెడ్డులో పొట్టు ఎత్తిపోస్తోంది. "కోసింది నేనమ్మా. నాకు తెలియక కోశాను" అన్నారు మావయ్య మొట్టమొదట. తర్వాత మా ఆయన చెప్పాడు. తడబడుతూ, మధ్యలో ఆగుతూ, కానీ మొత్తం చెప్పాడు.

ఆవిడ పార ఆనించి అంతా విన్నది. మావయ్యని ఏమీ అనలేదు. మా ఆయన్ని అడిగింది:

"నిన్న నీ భార్యని అన్నేసి మాటలన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు కదయ్యా?"

"ఉన్నానండి" అన్నాడు.

"నీకు తెలుసు."

"తెలుసండి."

ఆవిడ పార మళ్ళీ అందుకుంది. నా వైపు తిరిగి, "మిగతా రెండు షెడ్లలో ఇంకా పిల్లలున్నాయి. ఎప్పటికి చేసిస్తావు?" అంది. క్షమించమని అడగలేదు, నేనూ కోరలేదు. పని మళ్ళీ నాకే ఇచ్చింది, అది చాలు.

మూడు రోజుల్లో చేశాను. ఈసారి డయోడ్లు బోర్డు మీదే పెట్టాను, వైర్లు ఎటు మార్చినా పనిచేసేటట్టు. చిప్పుకీ మోటారు వైపుకీ మధ్య తీగ సంబంధమే లేకుండా, చిన్న దీపం వెలుగుతో కబురు అందించే భాగం పెట్టాను. ఆ మూడు రోజులూ మావయ్య రోజుకి పదిసార్లు వెనకగదికి వచ్చారు. మోటారు కావాలనే ఎదురు తిప్పి, వైర్లు మార్చి, ఆపి, తిప్పి, బోర్డుని చంపడానికి ఆయనకి తెలిసిన విద్యలన్నీ ప్రయోగించారు. మేమిద్దరం గొంతులు చించుకుని పోట్లాడుకున్నాం. అత్తయ్య ఒకసారి కంగారుపడి పరిగెత్తుకొచ్చి, ఏ పక్క మాట్లాడాలో తెలియక, టీ పెడతానని వెళ్ళిపోయింది. బోర్డు చావలేదు. వానలు పడేదాకా ఆ ఫ్యాన్లు ఆగాల్సినప్పుడే ఆగాయి, తిరగాల్సినప్పుడే తిరిగాయి. వెనకగది మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

షెడ్ల దగ్గరనుంచి తిరిగొచ్చిన రోజు దారిలో మా ఆయన, "చెప్పేశాను కదా, ఇంక అయిపోయినట్టేగా?" అన్నాడు. మావయ్య ముందు నడుస్తున్నారు, వినపడిందో లేదో వెనక్కి తిరగలేదు. మీకు అయిపోయింది, అన్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. ఇప్పటికీ ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆ తర్వాత నాకు చెప్పకుండా దాచిందేమీ ఉన్నట్టు లేదు, అడిగినదానికి పూర్తిగా జవాబు చెబుతాడు, అడగనివి కూడా చెబుతాడు. పడుకోబోయే ముందు నేనడిగితే, వంటింట్లో గ్యాసు కట్టేశాను అంటాడు. కట్టేసే ఉంటుంది. అయినా లేచి వెళ్ళి చూసొస్తాను.